పాత తెరచాప సత్తా నీటి మీదే తేలాలి

తొలకరి పడి నైరుతి గాలి కుదురుకున్నాక హుస్సేన్‌సాగర్ మీద చిన్న తెరచాప పడవలు బారులు తీరతాయి. ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూసేవాళ్ళకు అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. తెల్లటి తెరచాప, ఒక మనిషి, ఓ పక్కకు ఒరిగిన పడవ. కాసేపు నిదానంగా చూస్తే తేడా తెలుస్తుంది. కొన్ని పడవలు ఎదురుగాలిలోకి చొచ్చుకుపోతుంటాయి. అదే రకానికి చెందిన మరికొన్ని పక్కకు జారిపోతూ వెనకబడుతుంటాయి. దీనికి నడిపేవాళ్ళ నేర్పు ఒక కారణం. తెరచాప వయసు మరో కారణం.

కొత్త తెరచాప ఖరీదు పదుల వేలల్లో ఉంటుంది. కాబట్టి ఈ క్రీడలోకి కొత్తగా వచ్చేవాళ్ళలో చాలామంది ఎవరో వాడి పక్కన పెట్టిన తెరచాపతోనే మొదలుపెడతారు. అందులో తప్పేమీ లేదు. అయితే పాత తెరచాపను పాత చీరను చూసినట్టు చూడకూడదు. చీరకు చిరుగు లేకపోతే, రంగు వెలవకపోతే బాగున్నట్టే. తెరచాప ఎక్కడా చిరగకపోయినా పనికిరాకుండా పోవచ్చు. నాలుగు మాసికలు పడ్డ తెరచాప ఇంకో రెండేళ్ళు చక్కగా పనిచేయనూ వచ్చు. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒడ్డున ఒక పరీక్ష, నీటి మీద ఒక పరీక్ష ఉన్నాయి. ఆ రెండూ ఎలా చేయాలో, వాటి వెనక ఉన్న కారణాలేమిటో చూద్దాం.

ముందు సైజు కుదరాలి

ఉదాహరణకు లేజర్ పడవను తీసుకుందాం. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ రూపొందించిన ఈ పడవ 1970ల మొదట్లో బయటికి వచ్చింది. పొడవు సుమారు 4.2 మీటర్లు, డొల్ల బరువు 59 కిలోలు. ఒకే మనిషి, ఒకే తెరచాప. 1996 అట్లాంటా క్రీడల నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. దీని రేడియల్ రకం 2008లో బీజింగ్‌లో మహిళల పోటీగా చేరింది. ఒలింపిక్స్ సెయిలింగ్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళ నేత్రా కుమనన్ టోక్యోలో పోటీపడింది రేడియల్ మీదే. 2019 నుంచి పోటీల్లో ఈ పడవను ఐఎల్‌సీఏ అంటున్నారు. పాతవాళ్ళ నోట మాత్రం ఇప్పటికీ లేజరే.

ఈ పడవకు మూడు సైజుల తెరచాపలున్నాయి. పెద్దది సుమారు 7 చదరపు మీటర్లు, దీన్ని ఇప్పుడు ఐఎల్‌సీఏ 7 అంటున్నారు. మధ్యది రేడియల్, అంటే ఐఎల్‌సీఏ 6, సుమారు 5.7 చదరపు మీటర్లు. అన్నిటికన్నా చిన్నది ఐఎల్‌సీఏ 4, 4.7 చదరపు మీటర్లు. మూడింటికీ డొల్ల ఒకటే. తెరచాపను నిలబెట్టే స్తంభం, అంటే మాస్ట్, రెండు ముక్కలుగా ఉంటుంది. పై ముక్క మూడింటికీ ఒకటే. కింది ముక్క మాత్రం దేనికది వేరు. చవగ్గా దొరికిందని రేడియల్ తెరచాప కొని తెచ్చుకుంటే, ఇంట్లో ఉన్న పెద్ద మాస్ట్‌కు అది కుదరదు. తెరచాప బేరం మొదలుపెట్టే ముందే మీ దగ్గరున్న కింది మాస్ట్ ఏ సైజుదో చూసుకోండి.

పెద్ద తెరచాపలో మళ్ళీ రెండు రకాలున్నాయి. పాత రకంలో గుడ్డ పట్టీలు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. తర్వాత వచ్చిన మార్క్ 2 రకంలో పట్టీలు మూలల నుంచి కిరణాల్లా విచ్చుకుని ఉంటాయి, గుడ్డ కూడా మందం. గాలి లాగుడు మూలల నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ లాగుడు దారిలోనే పోగులు ఉండేలా పట్టీలను అమర్చారు. పాత రకం పల్చటి గుడ్డ త్వరగా అలసిపోతుంది. కొనేది ఏ రకమో తెలిస్తే దాని ఆయుష్షు మీద ఒక అంచనా ఉంటుంది.

ముసలితనం ఎక్కడ మొదలవుతుంది

తెరచాప చదునైన గుడ్డ కాదు. పట్టీల అంచులను కొద్దిగా వంపుగా కత్తిరించి కుట్టడంతో దానికి ఒక పొట్ట వస్తుంది. ఆ పొట్టే దాని ప్రాణం. గాలి దానికి రెండు వైపులా పారుతుంది. బయటికి ఉబ్బిన వైపు ఒత్తిడి తగ్గుతుంది, లోపలి వైపు పెరుగుతుంది. ఆ తేడా తెరచాపను ముందుకూ పక్కకూ లాగుతుంది. పడవ కింద నీటిలోకి దించిన పలక, అంటే డాగర్‌బోర్డు, పక్కకు జారడాన్ని ఆపుతుంది. మిగిలిన లాగుడుతో పడవ ముందుకు పోతుంది. గాలికి నేరుగా ఎదురు ఏ తెరచాప పడవా పోలేదు. సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్ళుతూ ఎగబాకాలి.

ఎదురుగాలిలో బాగా నడిచే తెరచాపలో పొట్ట లోతు, మాస్ట్ అంచు నుంచి వెనక అంచుకున్న దూరంలో సుమారు 10 నుంచి 15 శాతం ఉంటుంది. అన్నిటికన్నా లోతైన చోటు ఆ దూరంలో సగానికన్నా కాస్త ముందు, 40-45 శాతం దగ్గర ఉంటుంది.

గుడ్డ పాలిస్టర్ పోగులతో నేసింది. నేత ఎంత బిగుతుగా ఉన్నా, నిలువు పోగుకూ అడ్డ పోగుకూ మధ్య ఏటవాలుగా లాగితే గుడ్డ సాగుతుంది. అలా సాగకుండా దానికి గట్టి రెజిన్ పూత పట్టిస్తారు. కొత్త తెరచాపను చేత్తో నలిపితే కాగితంలా కరకరమనేది ఆ పూత వల్లే. తెరచాప గాలిలో టపటపా కొట్టుకున్న ప్రతిసారీ, బాగు చేస్తున్నామనుకుని మడత పెట్టిన ప్రతిసారీ ఆ పూత కనపడని పగుళ్ళు తీస్తుంది. పూత పోయాక పోగులు ఒకదాని మీద ఒకటి జారతాయి. గాలి ఉధృతికి పొట్ట లోతు పెరుగుతుంది, వెనక్కి జరుగుతుంది. వెనక అంచు సాగి వదులవుతుంది. తెరచాప తెల్లగానే ఉంటుంది, ఎక్కడా చిరుగు ఉండదు. ఆకారం మాత్రం పోతుంది.

దీనితో పాటు ఎండ దెబ్బ ఒకటి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిస్టర్‌ను నెమ్మదిగా తినేస్తాయి. ముందు పోయేది గుడ్డ కాదు, కుట్టుదారం. అది పైకి తేలి ఉంటుంది కాబట్టి ఎండ, రాపిడి రెండూ దానికే ముందు తగులుతాయి.

ఒడ్డున చూడాల్సినవి

శుభ్రమైన గచ్చు మీదో పచ్చిక మీదో తెరచాపను పూర్తిగా పరవండి. తర్వాత ఒక్కొక్కటిగా చూసుకుంటూ రండి.

మొదట కుట్లు. బొటనవేలి గోరుతో కుట్టుకు అడ్డంగా కాస్త గట్టిగా గీకండి. బాగున్న దారం నిలుస్తుంది. ఎండకు మగ్గిన దారం పుటుక్కున తెగుతుంది, లేదా పొడిగా రాలుతుంది. ఒకటి రెండు చోట్ల తెగితే మళ్ళీ కుట్టించుకోవచ్చు. ఎక్కడ గీకినా తెగుతుంటే, తెరచాప మొత్తానికీ కుట్లు పోయినట్టే.

తర్వాత గుడ్డ. మధ్యలో ఒక పిడికెడు పట్టుకుని నలపండి. కరకర ఎంత మిగిలి ఉంటే పూత అంత మిగిలి ఉన్నట్టు. మెత్తగా, దుప్పటిలా చేతిలోకి ఒదిగితే దాని పోటీ రోజులు అయిపోయినట్టే. గుడ్డను సూర్యుడి వైపు పట్టుకుని చూస్తే సూదిమొన రంధ్రాలు, పోగులు విడిపోయిన చోట్లు బయటపడతాయి.

తర్వాత రాపిడి తగిలే చోట్లు. లేజర్ తెరచాపకు ముందువైపు సంచి లాంటి పొడవైన తొడుగు ఉంటుంది, మాస్ట్ అందులోకి దూరుతుంది. ఆ తొడుగు కొన, మాస్ట్ రెండు ముక్కలు కలిసే చోట గుడ్డ, తెరచాప అడుగున ఉండే అడ్డ కర్ర, అంటే బూమ్, దగ్గరి కత్తిరింపు, ఈ మూడూ ముందు అరుగుతాయి. వెనక అంచున మూడు బ్యాటెన్ సంచులుంటాయి. వాటిలోకి దూర్చిన పలుచని పుల్లలు వెనక అంచును నిటారుగా నిలుపుతాయి. ఆ పుల్ల లోపలి కొన గుడ్డను నిరంతరం పొడుస్తుంటుంది. సంచి లోపలి కొన దగ్గర వేలుపెట్టి చూడండి. అక్కడ నిలువుగా ముడత గీత పడి ఉంటే గుడ్డ తలుపు బందులా అక్కడే మడత పడుతోందని అర్థం. దాన్ని ఇస్త్రీతోనో కుట్టుతోనో సరిచేయలేం.

చివరగా మూలలు. ఇత్తడి లేదా స్టీలు రింగులు వదులయ్యాయా, చుట్టూ గుడ్డ సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందా చూడండి. తెరచాప మోసే భారంలో చాలా భాగం ఆ రింగుల మీదే పడుతుంది. మరకలు, బూజు చుక్కలు కంటికి ఇబ్బందే తప్ప నడకకు అడ్డు కావు. వాటిని చూపించి ధర తగ్గించమని అడగవచ్చు. వాటి కారణంగా కొనడం మానక్కర్లేదు.

నీటి మీద పరీక్ష

ఒడ్డు పరీక్ష గుడ్డ సంగతి చెబుతుంది. ఆకారం సంగతి గాలి నిండినప్పుడే తెలుస్తుంది. అందుకే గాలిని ఎంచుకోవడం ముఖ్యం. గంటకు 12 నుంచి 18 కిలోమీటర్ల గాలి దీనికి సరైనది. చెట్ల ఆకులు, చిన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటాయి, నీటి మీద అలల కొసలు అక్కడక్కడా తెల్లబడటం మొదలవుతుంది. అంతకన్నా తక్కువ గాలిలో ఏ తెరచాపైనా బాగున్నట్టే కనిపిస్తుంది. అంతకన్నా బాగా ఎక్కువైతే పరీక్ష తెరచాపకు కాదు, మీకు. హుస్సేన్‌సాగర్‌లో గాలి ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవడానికి సంజీవయ్య పార్కులో 291 అడుగుల కంబం మీది జెండా చాలు. నెక్లెస్ రోడ్డు వైపు భవనాలకు తగిలి వచ్చే గాలి దిశ మారుతూ, తెరలు తెరలుగా వస్తుంది. అందుకే సరస్సు మధ్యకు వెళ్ళి పరీక్షించడం మేలు.

లైఫ్‌జాకెట్ వేసుకోవాలి, దగ్గర్లో ఇంకో పడవ ఉండాలి. పాత తెరచాప మూల రింగు ఊడిపోతే మిమ్మల్ని ఒడ్డుకు లాక్కొచ్చే మనిషి కావాలి.

పడవను ఎదురుగాలికి 45 డిగ్రీల కోణంలో పెట్టి, తెరచాప తాడు బిగించి, కాసేపు అలాగే నడవనివ్వండి. తెరచాపకు ముందుభాగంలో రెండు వైపులా అంటించిన సన్నటి ఉన్ని పోగులను గమనించండి. రెండూ సూటిగా వెనక్కి పారుతుంటే గాలి సాఫీగా పోతున్నట్టు. మీ వైపు పోగు ఎగిరెగిరి పడితే గాలికి మరీ ఎదురుగా వెళుతున్నారు. అవతలి పోగు వాలిపోతే గాలికి మరీ దూరంగా మళ్ళారు. మంచి తెరచాపతో చుక్కాని కాస్త అటూ ఇటూ కదిలినా పోగులు రెండూ పారుతూనే ఉంటాయి. అలసిన తెరచాపతో ఆ అవకాశం ఇరుకవుతుంది. పొట్ట వెనక్కి పోయి ముందుభాగం చదునవడం వల్ల చిన్న తప్పుకే పోగులు చెదురుతాయి. నేర్చుకునేవాడు తనకే రావడం లేదనుకుని కుంగిపోతాడు. తప్పు గుడ్డదని అతనికి ఎవరో ఒకరు చెప్పాలి.

చేతికి తెలిసే గుర్తు ఇంకోటుంది. పొట్ట వెనక్కి జరిగితే లాగుడు కూడా వెనక్కి, పక్కకు తిరుగుతుంది. పడవ ఎక్కువగా ఒరుగుతుంది, ముక్కు గాలి వైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి చుక్కాని పిడిని అదేపనిగా లాగి పట్టుకోవాల్సి వస్తుంది. అలా లాగి పట్టిన చుక్కాని నీటిలో బ్రేకులా పనిచేస్తుంది.

ఇప్పుడు ఫోన్ తీసి, వాటర్‌ప్రూఫ్ సంచిలో ఉంచే, బూమ్ మధ్యభాగం కింద నుంచి నిటారుగా పైకి ఒక ఫొటో తీయండి. ఒడ్డుకు వచ్చాక ఆ ఫొటోలో సగం ఎత్తున, ఒక పట్టీ కుట్టు వెంబడి, మాస్ట్ నుంచి వెనక అంచుకు ఒక సరళరేఖ గీయండి. రేఖ పొడవు 100 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. తెరచాప ఆ రేఖకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చోట లోతు 12 మిల్లీమీటర్లుంటే పొట్ట 12 శాతం. ఆ చోటు మాస్ట్ నుంచి 42 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే స్థానం 42 శాతం. ఈ తెరచాపకు ఇంకా ఆయుష్షు ఉంది. లోతు 17, స్థానం 55 దగ్గరకు పోతే ఆకారం జారిపోయిందని చెప్పవచ్చు.

తాళ్ళతో ఎంత సరిదిద్దవచ్చు

జారిన ఆకారాన్ని కొంతవరకు వెనక్కి తేవచ్చు. తెరచాప ముందు అంచును కిందికి లాగే కనింగ్‌హామ్ తాడు బిగిస్తే పొట్ట ముందుకు జరుగుతుంది. బూమ్‌ను కిందికి లాగే వ్యాంగ్ తాడు బిగిస్తే మాస్ట్ వంగి తెరచాప చదునవుతుంది. కింది మూలను వెనక్కి లాగే ఔట్‌హాల్ బిగిస్తే కిందిభాగంలో పొట్ట తగ్గుతుంది. పరీక్షలో ఒక్కో తాడునూ విడివిడిగా బిగించి చూడండి, ప్రతిసారీ ఒక ఫొటో తీయండి. మామూలు గాలికే మూడు తాళ్ళూ కడదాకా బిగించాల్సి వస్తోందంటే, గాలి పెరిగినప్పుడు బిగించడానికి ఇక ఏమీ మిగలదు. పాత తెరచాప పరిమితి ఎక్కడుందో అక్కడ తెలుస్తుంది.

న్యాయమైన పోలిక

కొత్త తెరచాపతో పోలిస్తే ఇది ఎంత వెనకబడుతుందో తెలుసుకోవాలంటే ఫోన్‌లోని వేగం అంకె చాలదు. నిమిషానికోసారి గాలి మారుతుంది. నిన్న వచ్చిన వేగానికీ ఇవాళ వచ్చిన వేగానికీ పోలిక లేదు. దీనికి పోటీ నావికులు వాడే పద్ధతి రెండు పడవల పరీక్ష. ఒకే రకం పడవలు రెండు, దగ్గరి బరువులున్న ఇద్దరు మనుషులు, ఒకదానిలో కొత్త తెరచాప, రెండోదానిలో పాతది. రెండూ పక్కపక్కన, ఒకదాని గాలికి ఇంకొకటి అడ్డు రాకుండా, ఎదురుగాలిలో కొన్ని నిమిషాలు నడవాలి. ఎవరు ముందుకు పోయారు, ఎవరు గాలి వైపు ఎక్కువ ఎగబాకారు చూసి రాసుకోవాలి. తర్వాత ఒడ్డుకు వచ్చి తెరచాపలు మార్చుకుని మళ్ళీ అదే చేయాలి. ఈ మార్పిడి లేకపోతే పరీక్ష అయినట్టు కాదు. ఏ పడవలోకి మారినా పాత తెరచాపే వెనకబడితే లోపం తెరచాపదే. మనిషిని బట్టి ఫలితం మారితే లోపం అక్కడుంది.

కోణంలో చిన్న తేడా ఎంత నష్టం చేస్తుందో లెక్క చూడండి. గాలికి ఎదురుగా సరిగ్గా ఒక కిలోమీటరు దూరంలో ఉన్న బోయాను, అంటే నీటి మీద తేలే గుర్తును, చేరాలి. 45 డిగ్రీల కోణంలో ఎగబాకే పడవ మొత్తం 1,414 మీటర్లు నడవాలి. పాత తెరచాపతో 50 డిగ్రీలకు మించి ఎదురెళ్ళలేకపోతే 1,556 మీటర్లు నడవాలి. అయిదు డిగ్రీల తేడాకు 140 మీటర్ల పైచిలుకు, అంటే పదోవంతు అదనపు దారి. పోటీలో ఆ దూరం పూడ్చుకోలేనిది. సాయంత్రం సరదాగా తిరిగి వచ్చేవాళ్ళకు అది లెక్కలోకే రాదు. గాలివాటున, వెనక గాలితో పోయేటప్పుడైతే లోతైన పొట్ట నష్టం కూడా కాదు.

దేన్ని దేనికి వాడాలి

కుట్లు నిలిచి, కరకర కొంత మిగిలి, పొట్ట సగానికి ముందే ఉంటే ఆ తెరచాప సాధనకు, స్థానిక పోటీలకు పనికొస్తుంది. కుట్లు, మూలలు గట్టిగా ఉండి గుడ్డ మాత్రం మెత్తబడితే నేర్చుకునేవాళ్ళకు ఇవ్వాలి. కుట్లు ఎక్కడికక్కడ తెగుతుంటే, మూలలు సాగిపోయి ఉంటే ఉచితంగా ఇచ్చినా పడవకు కట్టకూడదు. నడిసరస్సులో అది విడిపోతే ప్రమాదం.

చిన్న చిరుగులకు జిగురు వెనకున్న డాక్రాన్ (పాలిస్టర్ గుడ్డ) టేప్ రెండు వైపులా అంటించి, అంచుల వెంట జిగ్‌జాగ్ కుట్టు వేయిస్తే చాలు. ఎండకు తట్టుకునే పాలిస్టర్ దారమే వాడమని చెప్పాలి. నూలు దారం నీటికి నాని పుచ్చిపోతుంది. వాడి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టి, మడత పెట్టకుండా చుట్టి పెట్టాలి. వాషింగ్ మెషిన్, ఇస్త్రీ పెట్టె దాని దరిదాపుల్లోకి రాకూడదు. ఒడ్డున నిలబెట్టిన పడవ మీద తెరచాపను కొట్టుకోనివ్వడం దాని ఆయుష్షును అన్నిటికన్నా వేగంగా తినేసే అలవాటు. కబుర్లు చెప్పుకునే అరగంట కూడా దాన్ని దించి ఉంచండి.

హుస్సేన్‌సాగర్ మీద యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలు పేద కుటుంబాల పిల్లలకు ఆప్టిమిస్టు అనే చిన్న పడవల మీద తెరచాప విద్య నేర్పుతున్నాయి. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ తక్కువ ఖర్చుతో పిల్లల కోసమే తయారుచేసిన పడవ అది. ఇలాంటి పిల్లలకు మొదటి మెట్టు చాలాసార్లు ఎవరో వాడి ఇచ్చిన తెరచాపే అవుతుంది. అందుకే అమ్మేవాళ్ళకూ, ఇచ్చేవాళ్ళకూ ఒక విన్నపం. తెరచాప మొదటిసారి కట్టిన నెల, ఏడాది కింది మూలలో చెరగని పెన్నుతో రాసి పెట్టండి. మాసికలు దాచకండి. కొనేవాళ్ళకూ ఒక మాట. మరకలు చూసి వద్దనకండి, తెలుపు చూసి మురిసిపోకండి. డబ్బు చేతులు మారకముందే ఒక గంట నీటి మీద కట్టి చూపించమని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్ళెవరూ ఆ గంటను కాదనరు.